కొరివి పెట్టినవాడిదే కొంప

హిందూ వారసత్వ చట్టం 1956 జూన్ 17న దేశంలో అమల్లోకి వచ్చిందని లాయర్లు చెబుతుంటారు. నమ్మకండి. ఢిల్లీలో బయలుదేరిన ఆ చట్టం తెనాలి జంక్షన్ దాకా వచ్చి, రేపల్లె బండి అందక, ఇంకా ప్లాట్‌ఫారం బెంచీ మీదే కూర్చుని ఉంది. దాన్ని ఇంటికి పిలిచి మంచినీళ్లిచ్చినవాడు లేడు. మాకా అవసరం పడలేదు. తెనాలికీ బాపట్లకీ రేపల్లెకీ మధ్యనున్న ఈ మాగాణి నేలకు సొంత చట్టం ఒకటుంది. అది గెజిట్‌లో పడలేదు, ఏ శాసనసభా ఆమోదించలేదు, అయినా అరుగు అరుగునా అమలవుతోంది. దానికి సెక్షన్లూ సబ్‌సెక్షన్లూ లేవు. ఉన్నదల్లా ఒక్క వాక్యం: కొరివి పెట్టినవాడిదే కొంప.

ఎంత సులువో చూడండి. అసలు చట్టం చివర పెద్ద షెడ్యూలు ఉంటుంది. మొదటి తరగతి వారసులు, రెండో తరగతి వారసులు, వాళ్లెవరూ లేకపోతే మగవాళ్ల వరసన కలిసే దాయాదులు, వాళ్లూ లేకపోతే ఆడవాళ్ల మీదుగా కలిసే చుట్టాలు. ఓపికగా చదవాలి. చదివితే కొడుకు పేరు పక్కనే కూతురి పేరు, ఆ పక్కనే భార్య పేరు, తల్లి పేరు కనిపిస్తాయి. పొద్దున్నే మనసు పాడవుతుంది. మా అరుగు చట్టానికి అక్షరం ముక్క రానక్కర్లేదు. భుజాన నీళ్లకుండ, చేతిలో నిప్పు, ఒంటి మీద తడిబట్ట ఎవరికున్నాయో చూస్తే చాలు. అతనే వారసుడు. మిగిలినవాళ్లు చూడ్డానికి వచ్చినవాళ్లు.

ఒక పెద్దాయన పోయాడనుకోండి. కొడుకు డాలస్‌లో ఉంటాడు. కూతురు నాలుగు వీధుల అవతల ఉంటుంది. ఆయనకు డయాలసిస్ మొదలైనప్పటి నుంచి గుంటూరు తీసుకెళ్లి తెచ్చిందీ, మందులు గుర్తుపెట్టుకుని వేసిందీ, రాత్రుళ్లు కాళ్లు పట్టిందీ ఆ పిల్లే. పోయిన రోజున మాత్రం ఆ పిల్ల పని వచ్చినవాళ్లకు కాఫీలు అందించడం. శవం ఫ్రీజరు పెట్టెలో ఉంటుంది. కరెంటు పోతే ఇబ్బందని జనరేటరు ఒకటి తెప్పిస్తారు. షామియానా కింద పెద్దమనుషులు ఫోన్లలో విమానం జాడ చూస్తుంటారు. "దోహాలో దిగాడంట." "అక్కడ ఆరు గంటలు ఆగాలంట." "హైదరాబాదు నుంచి కారు మాట్లాడారా?" దేశాధ్యక్షుడు వస్తున్నా ఇంత ఏర్పాటు ఉండదు. మధ్యలో ఎవరో కుర్రాడు, లోకం తెలియనివాడు, "అక్కాయి పెడితే కాదా?" అంటాడు. షామియానా అంతా ఒక్కసారి గొంతు సవరించుకుంటుంది. వాడు లేచి కుర్చీలు సర్దడానికి వెళ్లిపోతాడు.

ఈ ఎదురుచూపులో ఆప్యాయత లేదని నేననను. కానీ అందులో కొంత రెవెన్యూ విషయం కూడా ఉంది. ఇవాళ కుండ పట్టని చెయ్యి రేపు పాస్‌పుస్తకం పట్టలేదన్న భయం ఉంది. అన్నదమ్ములిద్దరుంటే పెద్దవాడు ముందు వస్తాడా చిన్నవాడు ముందు వస్తాడా అన్న లెక్క ఉంది. కొడుకుల్లేని ఇంట్లో అయితే తమ్ముడి కొడుకులు ముగ్గురు ఒకేసారి, ఏడుపు ఆపుకోలేక, "పెదనాన్నకి నేనే పెడతాను" అని పోటీ పడటం ఉంది. ఆ పెదనాన్న ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో వాళ్లకు నాట్ల సీజను.

ఆ తర్వాత పెద్దకర్మ. ఇక్కడే మా చట్టం తాలూకు కోర్టు కూర్చుంటుంది. జడ్జి కాకి. పిండం పెట్టి అందరూ దూరంగా జరుగుతారు. కాకి ముట్టకపోతే పెద్దాయనకు ఏదో కోరిక మిగిలిపోయిందని అర్థం. కొడుకు ముందుకొచ్చి, చేతులు జోడించి, ఆకాశం వంక చూస్తూ, "అమ్మను నేను చూసుకుంటాను నాన్నా, చెల్లికి ఏ లోటూ రానివ్వను" అంటాడు. కాకి వచ్చి ముడుతుంది. తీర్పు అయిపోయింది. ఈ జడ్జికి వాయిదాల్లేవు, వకాల్తాల్లేవు, కోర్టు ఫీజు ఒక ముద్ద. ఒక్కటే చిక్కు. ఆ హామీకి సాక్షి కూడా కాకే. మూడేళ్ల తర్వాత అమ్మను వృద్ధాశ్రమంలో చేర్చినప్పుడు సమన్లు ఇద్దామంటే ఏ కొమ్మ మీద అంటించాలో తెలియదు.

ఇదంతా శాస్త్రం అంటారు పెద్దలు. పిండం పెట్టే అధికారం ఎవరిదో ఆస్తి వారిదేనట. శాస్త్రమంటే నాకూ గౌరవమే కనుక కొంచెం వెనక్కి వెళ్లి చూశాను. మన వైపు దాయభాగాలకు వందల ఏళ్లపాటు ఆధారంగా నిలిచింది మితాక్షరి. కల్యాణి చాళుక్యుల కాలంలో విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్య స్మృతికి రాసిన వ్యాఖ్య అది. 13వ శతాబ్దంలోనే మూలఘటిక కేతన దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అంటే చదవలేదన్న సాకు తెలుగువాడికి ఏడు వందల ఏళ్లుగా లేదు. విజ్ఞానేశ్వరుడు బంధుత్వాన్ని కొలిచింది నెత్తుటి దగ్గరతనంతో. పిండం పెట్టే యోగ్యతను బట్టి వారసుణ్ని తేల్చినవాడు జీమూతవాహనుడు. ఆయన బెంగాలువాడు. ఆయన శాస్త్రం చెల్లింది బెంగాలులో. కాబట్టి అరుగు మీద కూర్చుని మా పెద్దలు ఘంటాపథంగా చెబుతున్న శాస్త్రం మన ఊరిది కాదు, కలకత్తా మెయిలులో వచ్చింది. వచ్చిందీ పూర్తిగా రాలేదు. కొడుకుల్లేకుండా భర్త పోతే ఉమ్మడి ఆస్తిలో కూడా అతని వాటా భార్యకే అని ఆ బెంగాలు శాస్త్రం చెప్పింది. ఆ పేజీ దారిలో ఎక్కడో చిరిగిపోయింది. మన విజ్ఞానేశ్వరుడేమో, కొడుకుల్లేనివాడి సొంత ఆస్తికి ముందు భార్య, తర్వాత కూతుళ్లు అన్నాడు. తల్లిదండ్రుల వంతు వచ్చేసరికి తండ్రి కన్నా తల్లిని ముందు నిలబెట్టాడు. పెద్దలు ఆ పుటా తెరవలేదు.

తెనాలిలో ఇది మరీ ముచ్చటగా ఉంటుంది. త్రిపురనేని రామస్వామి లాయరుగా, పురపాలక సంఘాధ్యక్షుడిగా తిరిగిన ఊరిది. పెళ్లి తంతును తెలుగులోకి దించి వివాహవిధి రాసి, పురోహితుడి అవసరం లేకుండా పెళ్లిళ్లు జరిపించాడు. పెళ్లికి మంత్రం అక్కర్లేదని ఒప్పుకున్న ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. చావు దగ్గరికొచ్చేసరికి ఆ ఇళ్లలో కూడా హేతువాదం కాస్త పక్కకు జరిగి నిలబడుతుంది. మాగాణి మీద మమకారం ముందు మార్క్సూ మనువూ ఒకే పంక్తిలో భోంచేస్తారు.

సరే, బెంచీ మీద కూర్చున్న ఆ చట్టాన్ని ఒకసారి పలకరిద్దాం. ఒకాయన సొంత సంపాదనతో కొన్న 5 ఎకరాలు వదిలి, వీలునామా రాయకుండా పోయాడు. తల్లి ఉంది, భార్య ఉంది, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్లు. చట్టం లెక్క చేతి వేళ్ల మీద అయిపోతుంది: తలా ఎకరం. పెళ్లయిన కూతురికీ ఎకరమే, ముసలి తల్లికీ ఎకరమే. తాతల నాటి ఉమ్మడి ఆస్తి అయితే ముందు ఆయన వాటా ఎంతో తేల్చుకోవాలి, ఆ తర్వాత ఆ వాటాకు ఇదే లెక్క. తల్లి బదులు తండ్రి బతికుంటే? ఆయన రెండో తరగతి. మొదటి తరగతిలో ఒక్క ప్రాణి ఉన్నా ఆయనకు సెంటు రాదు. ఇంటికి యజమానిగా, కులానికి పెద్దగా, ఊరికి పెత్తందారుగా బతికిన మగవాడికి ఈ దేశంలో రెండో తరగతి టిక్కెట్టు చేతిలో పెట్టిన చట్టం ఇదొక్కటే కాబోలు. పెద్దలకు దీని మీద కోపం ఉండటంలో న్యాయముంది.

అరుగు చట్టం లెక్క వేరు. కొడుక్కి 5 ఎకరాలు. తల్లికి, భార్యకు ఉన్నన్నాళ్లూ అన్నం. కూతుళ్లకు చీర.

ఇక్కడ నేను అరుగు చట్టాన్ని మెచ్చుకోక తప్పదు. రేపల్లె ప్యాసింజరెక్కి చూడండి. తెనాలిలో ఎక్కిన హిందువుది నేను చెప్పిన లెక్క. వేమూరులో ఎక్కిన క్రైస్తవుడికి 1925 నాటి భారత వారసత్వ చట్టం: అదే కుటుంబమైతే భార్యకు మూడో వంతు, మిగిలిన రెండు వంతులు పిల్లలకు సమానంగా, తల్లికి సున్నా. పిల్లల్లేకపోతే సగం భార్యకు, మిగతా సగం తండ్రికి; తండ్రి బతికుంటే తల్లికి ఏమీ లేదు. హిందువు తల్లి మొదటి తరగతిలో ఉంటే, ఎదురు సీట్లో క్రైస్తవుడి తల్లి తండ్రి వెనకాల నిలబడింది. భట్టిప్రోలులో ఎక్కిన ముస్లిముకు ఆస్తిని 24 పాళ్లు చెయ్యాలి: భార్యకు 3, తల్లికి 4, మిగిలిన 17 పాళ్లలో కొడుక్కి రెండు వంతులైతే కూతుళ్లకు ఒక్కొక్కటి. ఒకటే పెట్టె, ఒకటే వేరుశనక్కాయల పొట్లం, మూడు లెక్కలు. ఉమ్మడి పౌరస్మృతి కావాలా వద్దా అని ఢిల్లీలో ఏళ్ల తరబడి గొంతులు చించుకుంటున్నారు. మా దగ్గర అది ఎప్పుడో వచ్చేసింది. మూడు మతాల్లోనూ కూతురికి చీరే.

ఆ చీర ఇచ్చే చోటు రిజిస్ట్రాఫీసు. పెద్దకర్మ భోజనాలు అరక్కముందే అక్కాచెల్లెళ్లను కారెక్కిస్తారు. ఎదుట డాక్యుమెంటు రైటరు కొట్లో ఫ్యాను కింద ప్లాస్టిక్ కుర్చీలు. కాగితం అప్పటికే టైపు అయి ఉంటుంది. దాని పేరు హక్కు విడుదల దస్తావేజు. అందులో ఆవిడ ఎంత చక్కగా మాట్లాడుతుందో చదవాలి: "నా పూర్తి ఇష్టముతో, ఎవరి బలవంతము, ప్రోద్బలము లేకుండా..." పక్కన నిలబడ్డ అన్నగారు, "ఏం లేదు అమ్మాయ్, ఫార్మాలిటీ. లోను కోసం బ్యాంకువాళ్లు అడుగుతున్నారు" అంటాడు. వదిన బ్యాగులోంచి కళ్లజోడు తీసి ఇస్తుంది, అయితే చదవడానికి కాదు, సంతకం గీత మీద పడటానికి. వేలిముద్ర తీసే యంత్రం ఒకసారి పట్టదు, తడిగుడ్డతో వేలు తుడిపించి మళ్లీ నొక్కిస్తారు. ఆ వేలికి ఇంకా వంటింటి పసుపు ఉంటుంది. బయటికొచ్చాక పసుపు కుంకుమ, చీర, కవరు. ఆ సాయంత్రం ఊళ్లో మాట: "ఆడపిల్లలు బంగారమండీ, ఒక్క మాట అనకుండా సంతకాలు పెట్టారు." సంతకం పెట్టకుండా "చదివి చెబుతానన్నయ్యా" అన్న ఆడపిల్ల బంగారం కాదు. ఆమె వెనక అల్లుడున్నాడు. అల్లుడి వెనక ఆయన వాళ్లమ్మ ఉంది. ఏ ఆడపిల్లా తన వాటా తానే అడిగినట్టు మా జిల్లా చరిత్రలో లేదు. ఎప్పుడూ ఎవరో ఎక్కించినదే.

శాస్త్రం తర్వాత, "కట్నం ఇచ్చాం కదండీ" అన్నది రెండో వాదన. ఇది నాకు చాలా ఇష్టం. కట్నం ఇవ్వడం 1961 నుంచి నేరం. చేసిన నేరానికి రసీదు చూపించి వాటాలో మినహాయింపు అడిగే ధైర్యం మామూలు దొంగకు రాదు. పైగా ఆ డబ్బు వెళ్లింది వియ్యంకుడి చేతికి. దాంతో కట్టుకున్నది ఆయన కొత్త మేడ. కూతురి వాటాలో తగ్గిస్తున్నది మాత్రం ఆ మేడలో ఆమెకు లేని గది.

మూడో వాదన, "ఆ చట్టం మా పిల్లకు వర్తించదు." ఇందులో ఒకప్పుడు నిజం ఉండేది, అది ఒప్పుకోవాలి. సొంత సంపాదనలో కూతురికి వాటా 1956 నుంచే ఉంది. పిత్రార్జితంలో పుట్టుకతో హక్కు మాత్రం ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణతో మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచి వచ్చింది. కానీ ఆ తేదీకి పెళ్లయినవాళ్లకు లేదు. అక్క పెళ్లి ఆగస్టులో అయి, చెల్లి పెళ్లి అక్టోబరులో అయితే, ఒకే తండ్రి పొలంలో చెల్లెలు వాటాదారు, అక్క చుట్టం. ముహూర్తం పెట్టిన పంతులుగారు ఆస్తి పంపకం కూడా చేసేసినట్టు. ఆ మెలిక 2005 సెప్టెంబరు 9న కేంద్రం తెచ్చిన సవరణతో పోయింది. అప్పటికి తండ్రి బతికుండాలా అన్న తగువును 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది: హక్కు పుట్టుకతోటిది, తండ్రి ఎప్పుడు పోయాడన్నదానితో పని లేదు. 2004 డిసెంబరు 20కి ముందే సరిగ్గా పంపకాలయిపోతే వాటిని కదపరు. ఈ చివరి ముక్క మాత్రం అరుగు మీద అందరికీ కంఠతా వచ్చు. అందుకే మా వైపు ప్రతి కుటుంబంలోనూ పంపకాలు 2004 కన్నా ముందే, నోటిమాట మీద, పోయిన పెద్దల సమక్షంలో జరిగిపోయి ఉంటాయి.

తల్లికి "ఉన్నన్నాళ్లూ" అన్న మాటకూ ఒక కథ ఉంది. నెల్లూరు వైపు వడ్డెబోయిన తులసమ్మ అనే ఆవిడ భర్త 1931లో పోయాడు. మనోవర్తి కోసం ఆమె మరిది మీద 1944లో కోర్టుకెక్కింది. రాజీలో కొంత ఆస్తి ఇచ్చారు, అమ్మడానికి వీల్లేదు, ఉన్నన్నాళ్లూ అనుభవించమన్నారు. ఆమె అమ్మేసింది. ఈసారి మరిది కోర్టుకెక్కాడు. 1977 మార్చి 17న సుప్రీంకోర్టు, మనోవర్తి హక్కు కింద వచ్చిన ఆస్తి ఆమెకు సంపూర్ణంగా సొంతమని చెప్పింది. దేశంలో లా చదివే పిల్లలంతా తులసమ్మ పేరు చదువుతారు. ఆమె సొంత రాష్ట్రంలో మాత్రం డాక్యుమెంటు రైటర్లు "జీవితకాలము అనుభవించి తదనంతరము" అన్న మాట ఇంకా కంప్యూటరులో రెడీగా పెట్టుకునే ఉన్నారు.

మగవాడి ఆస్తి సంగతి ఇంతసేపు మాట్లాడాక, ఆడదాని ఆస్తి ఎవరికి పోతుందో చూద్దాం. ఇక్కడ నవ్వడం మానేసి అసలు చట్టాన్నే తిట్టాల్సి వస్తుంది. బాపట్లలో టీచరుగా పని చేసి రిటైరైన ఒకావిడ ఉందనుకోండి. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లల్లేరు. ఇల్లు ఆమె జీతంతో కట్టుకుంది. పడక మీద ఉన్నప్పుడు చూసింది పుట్టింటి తల్లి, చెల్లెలు. వీలునామా లేకుండా పోతే ఆ ఇల్లు ఎవరిది? తల్లిది కాదు. 1956 చట్టం 15వ సెక్షను ప్రకారం ముందు పిల్లలు, భర్త. వాళ్లు లేకపోతే భర్త వారసులు. ఆ తర్వాతే కన్న తల్లిదండ్రులు. భర్త వారసులంటే అత్తగారు ఉంటే అత్తగారు, లేకపోతే మామగారు, బావలు, మరుదులు, వాళ్ల పిల్లలు. ఆమె పెళ్లిలో ఒకసారి కనిపించి మళ్లీ ఇల్లు చూడ్డానికే వచ్చిన మనిషి కూడా కన్నతల్లి కన్నా ముందు వరసలో ఉంటాడు. పుట్టింటి నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తి అయితేనే, పిల్లల్లేనప్పుడు, మళ్లీ తండ్రి వైపు వెళ్తుంది. సొంతంగా సంపాదించుకుంటే అత్తింటికి. సంపాదించడం ఆమె తప్పు.

ఇది ఊహ కాదు. నారాయణీదేవి అనే ఆవిడకు పెళ్లయిన మూణ్ణెల్లకే భర్త పోయాడు. అత్తింటివాళ్లు బయటికి పంపేశారు. పుట్టింటివాళ్లు చదివించారు, ఉద్యోగం చేసింది, డబ్బు కూడబెట్టింది. ఆమె పోయాక ఆ డబ్బు కోసం, జీవితంలో ఒక్కనాడూ ఆమె గడప తొక్కని అత్తింటి తరఫువాళ్లు కోర్టుకొచ్చారు. 2009లో సుప్రీంకోర్టు, మనసు కష్టంగా ఉన్నా చట్టం అదే చెబుతోందని వాళ్లకే ఇచ్చింది. 2025 నవంబరులో అదే కోర్టు హిందూ మహిళలకు బతికుండగానే వీలునామాలు రాసి పెట్టుకోమని విజ్ఞప్తి చేసింది. ఈ సెక్షను దగ్గర అసలు చట్టానికీ అరుగు చట్టానికీ తేడా చెరిగిపోయింది. బెంచీ మీద కూర్చుని కూర్చుని దానికీ ఇక్కడి గాలి తగిలినట్టుంది.

నామినీల గురించి చెప్పకపోతే బ్యాంకు మేనేజర్లు నొచ్చుకుంటారు. "నామినీ నేనేనండీ, డబ్బు నాదే" అన్నది మా వైపు రెండో జాతీయగీతం. నామినీ అంటే డబ్బు పుచ్చుకుని అసలు వారసులకు అందించే చెయ్యి మాత్రమేనని ఎల్‌ఐసీ పాలసీ తగువులో సుప్రీంకోర్టు 1983లోనే చెప్పింది. బీమాలో మాత్రం 2015 సవరణ తర్వాత తల్లిదండ్రులు, భార్య లేక భర్త, పిల్లలు నామినీ అయితే ఆ డబ్బు వాళ్లదే. బ్యాంకు డిపాజిట్లకు పాత మాటే. కంపెనీ షేర్లకూ అంతేనని 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది. అయినా పెళ్లికి ముందు రాసిన తమ్ముడి పేరు పాసుపుస్తకంలో అలాగే ఉంటుంది, ఆ తమ్ముడు దాన్ని దైవ నిర్ణయంగా భావిస్తాడు. ప్రావిడెంట్ ఫండు దగ్గర ఆ పప్పు ఉడకదు. పెళ్లయిందంటే పాత నామినేషను దానంతటదే చెల్లకుండా పోతుంది. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురు నామినీల దాకా రాసుకోవచ్చన్నారు. పాడె మొయ్యడానికి ఎలాగూ నలుగురు కావాలి కదా అని మా వాళ్లు ఈ సంస్కరణను మనస్ఫూర్తిగా స్వాగతించారు.

మండలాఫీసులో మరో వినోదం. వారసులెవరో విచారించడానికి వీఆర్వో వీధిలోకి వస్తాడు. "ఈయనకు ఎంతమందమ్మా?" "ఒక్కడేనండీ, అబ్బాయి." "ఆడపిల్లలు?" "ఇద్దరున్నారు గానీ, పెళ్లిళ్లయిపోయాయిగా." రిపోర్టులో ఒక్కడే పడతాడు. అబద్ధమాడానని చెప్పినామె అనుకోదు, రాశానని ఆయనా అనుకోడు. ఆ మీదట వచ్చేది కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం. పింఛనుకూ కారుణ్య నియామకానికీ పనికొచ్చే కాగితం అది. ఆస్తి హక్కు తేల్చేది కాదు. బ్యాంకులో డబ్బుకైతే సివిల్ కోర్టు ఇచ్చే సక్సెషన్ సర్టిఫికెట్టు ఉంది, అది పొలానికి పనికిరాదు. పొలానికి పాస్‌పుస్తకంలో పేరు మారినంత మాత్రాన హక్కు పుట్టదని కోర్టులు చెబుతూనే ఉంటాయి. ఈ మూడింటినీ కలిపి మా వాళ్లు "లీగల్ హెయిర్" అంటారు. ఇల్లు తెనాలిలో, పొలం రేపల్లె దగ్గర ఉన్నవాళ్లకు 2022 ఏప్రిల్ 4 నుంచి అదనపు పుణ్యం: ఇల్లు గుంటూరు జిల్లా, పొలం బాపట్ల జిల్లా. తండ్రి ఒక్కడే చచ్చినా రెండు జిల్లాల్లో చావాలి.

నిజాంపట్నం నుంచి వేటకు పోయి తిరిగిరానివాడి భార్యకు ఈ వినోదం కూడా లేదు. శవం దొరికితే ఆమె వారసురాలు. దొరక్కపోతే, ఏడేళ్లు కబురు లేకపోతే గానీ పోయినట్టు లెక్క కాదు. సాక్ష్య చట్టం 2024 జులైలో కొత్త పేరుతో వచ్చినా ఆ ఏడేళ్లు అలాగే ఉన్నాయి. అరుగు చట్టంలోనూ ఆమెకు చోటు లేదు. కొరివి పెట్టడానికి ఏమీ లేదు కదా.

అన్నట్టు, అత్తగారికి మాత్రం మంచి రోజులొచ్చాయి. రోడ్డు ప్రమాదంలో అల్లుడు పోతే, అతని ఇంట్లో అతని మీద ఆధారపడి బతుకుతున్న అత్తగారు కూడా పరిహారం అడగొచ్చని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. మోటారు వాహనాల చట్టం దగ్గర కుండ ఎవరు పట్టారన్న ప్రశ్న రాదు, ఎవరి కంచంలో అన్నం తగ్గిందన్నదే వస్తుంది. చెల్లని రెండో పెళ్లిలో పుట్టిన పిల్లలకూ తల్లిదండ్రుల వాటాలో వాటా ఉందని 2023 సెప్టెంబరు 1న తీర్పు వచ్చింది. అది పేపర్లో పడిన రోజు మా వైపు చాలామంది పెద్దమనుషులు పేపరు దాచేశారు.

ఇన్నీ విన్న ఒక తెనాలి పెద్దాయన, అరుగు చట్టానికి మూలస్తంభం లాంటివాడు, చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నాడు. వీలునామా సంగతి అడిగాడు. తెల్లకాగితం చాలునని, స్టాంపు అక్కర్లేదని, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం పెట్టి, వాళ్ల చేతా సంతకాలు పెట్టిస్తే సరిపోతుందని, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు గానీ చేయించుకుంటే మేలని చెప్పాను. "నా సొంత సంపాదన నా ఇష్టమొచ్చినవాళ్లకు రాసుకోవచ్చా?" అన్నాడు. రాసుకోవచ్చన్నాను. "మొత్తం అబ్బాయికేనా?" మొత్తం అబ్బాయికే. "ఈ ముక్క ముందే చెప్పొచ్చుగదయ్యా!" అని ఆయన మొహం వెలిగిపోయింది. వారం తిరక్కుండా డాక్యుమెంటు రైటరు ముందు కూర్చున్నాడు. యావదాస్తి కొడుక్కి, ఒక షరతు మీద: తలకొరివి అతనే పెట్టాలి. రైటరు కీబోర్డు మీద చెయ్యి ఆపి, "అబ్బాయిగారు అమెరికాలో కదండీ, వీసా స్టాంపింగు కుదరక రాలేకపోతే ఎవరికని రాయమంటారు?" అని అడిగాడు. పెద్దాయన ఒక్క క్షణం ఆలోచించి, "స్టాంపింగు డేటు వచ్చేదాకా నేను ఆగుతాలే, నువ్వు రాయి" అన్నాడు.